ఎనిమిదికి ఇంకా రెండు: రెండో తరగతి పాపకు నోటి లెక్క నేర్పిన కేసు

చిట్టి (అసలు పేరు కాదు) రెండో తరగతిలో నా దగ్గరికి వచ్చేసరికి ఏడేళ్లు నిండాయి. తెలంగాణలో ఒక చిన్న ఊరి ప్రభుత్వ ప్రాథమిక బడి మాది. ఒకటి, రెండు తరగతులు ఒకే గదిలో కూర్చుంటాయి. కలిపి 22 మంది. చిట్టి అమ్మానాన్నలు పని కోసం పట్నంలో ఉంటారు. పాప నానమ్మ దగ్గర పెరుగుతోంది. నానమ్మ అరటిపళ్లు అమ్ముతుంది. ఆమెకు చదువు రాదు కానీ, వేళ్ల కణుపుల మీద లెక్క వేసి రూపాయి కూడా తేడా రానివ్వదు. పాపను గుర్తుపట్టే వీలున్న వివరాలు కొన్ని మార్చాను. లెక్కకు సంబంధించిన వాటిలో మాత్రం ఏదీ మార్చలేదు.

మార్కుల్లో కనిపించని ఇబ్బంది

ఏడాది మొదట్లో పెట్టిన పరీక్షలో చిట్టికి కూడికలన్నీ సరిగ్గానే వచ్చాయి. ఆ కాగితం ఒక్కటే చూస్తే ఈ పాపకు నా సాయం అక్కర్లేదు. జూలైలో ఒకరోజు నోటి లెక్కలు అడుగుతున్నప్పుడు చిట్టి రెండు చేతులూ బెంచీ కిందికి పోవడం చూశాను. ఎనిమిదీ ఐదూ ఎంత అని అడిగాను. తల దించుకుంది, పెదవులు కదులుతున్నాయి, చాలాసేపటికి "పన్నెండు" అంది.

ఆ రోజు మధ్యాహ్నం పక్కన కూర్చోబెట్టుకుని అదే లెక్క కాగితం మీద చేయమన్నాను. ఎనిమిది గీతలు గీసింది, పక్కనే ఐదు గీతలు గీసింది. తర్వాత మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టి అన్నీ లెక్కపెట్టి 13 అని రాసింది. తప్పు లేదు. కానీ అప్పుడే తను గీసిన ఎనిమిదిని కూడా మళ్లీ ఒకటి నుంచి లెక్కపెట్టింది. ఐదులో ఎనిమిది కలపమన్నా అంతే, మళ్లీ మొదటి నుంచి గీతలు. ఇప్పుడే చేసిన లెక్కకూ దీనికీ సంబంధం ఉందన్న ఊహే లేదు.

నోటితో 12, కాగితం మీద 13 ఎందుకు వచ్చాయో తెలుసుకోవడానికి పైకి వినపడేలా లెక్కపెట్టమన్నాను. మొదటి వేలు ముడుస్తూ "ఎనిమిది" అంది. తర్వాత "తొమ్మిది, పది, పదకొండు, పన్నెండు." ఐదు వేళ్లు అయిపోయాయి. మొదటి వేలికి తొమ్మిది అనాల్సింది, ఎనిమిది నుంచే మొదలుపెట్టింది. చాలామంది పిల్లలు చేసే పొరపాటే ఇది. జవాబు ఎప్పుడూ ఒకటి తక్కువ వస్తుంటే ముందు అనుమానించాల్సింది దీన్నే. ఇలాంటి పాపను "అజాగ్రత్త" అంటే అన్యాయం. ఆమె ఎంతో జాగ్రత్తగా, తప్పు చోటి నుంచి లెక్కపెడుతోంది.

ఇంకో విషయం కూడా గమనించాను. "థర్టీన్" రాయమంటే ఒక్కోసారి 30, ఒక్కోసారి 31 రాసేది. "పదమూడు" రాయమంటే ఎప్పుడూ 13. అప్పట్లో దీన్ని నోట్‌బుక్‌లో రాసుకుని వదిలేశాను. నాలుగు నెలల తర్వాత అదే పనికొచ్చింది.

మొదటి తప్పు నాది

నేను మొదట చేసిన పని వేళ్లు మాన్పించడం. వేళ్ల మీద లెక్కపెట్టడం అలవాటైతే పెద్ద లెక్కలకు అడ్డం వస్తుందని నేను ట్రైనింగ్‌లో విన్నాను, నమ్మాను కూడా. "చేతులు కట్టుకుని చెప్పు తల్లీ" అనేదాన్ని. రెండు వారాల్లో చిట్టి చేతులు కట్టుకుని తల ఊపుతూ లెక్కపెట్టడం నేర్చుకుంది. తల ఊపవద్దంటే కాలి బొటనవేలు కదిలేది. లెక్కపెట్టడం ఎక్కడికీ పోలేదు, నాకు కనపడకుండా దాక్కుంది. పైగా వేళ్లు ఉన్నప్పుడు ఎక్కడిదాకా వచ్చిందో వేళ్లే గుర్తుపెట్టుకునేవి. ఇప్పుడు ఆ బరువు కూడా తలమీదే పడింది. తప్పులు పెరిగాయి. బడికి రాగానే "ఈరోజు నోటి లెక్కలు ఉన్నాయా టీచర్?" అని భయంగా అడగడం మొదలుపెట్టింది. ఆ ప్రశ్న విన్న రోజే మానేశాను.

చేతిలో ఉన్నది లాగేసుకున్నాను కానీ, దాని బదులు పట్టుకోవడానికి ఏదీ ఇవ్వలేదు.

చదివించి కంఠస్థం చేయించడం

ఆగస్టులో ఎక్కాల మాదిరి కూడికల చార్టు రాసి గోడకు అంటించాను. రోజూ ప్రార్థన అయ్యాక పది నిమిషాలు అందరం కలిసి చదివేవాళ్లం. కంఠస్థం అయితే ఆలోచించే పనే ఉండదు, లెక్క దానంతటదే వస్తుందని నా లెక్క. మూడు వారాలు చేశాం. చిట్టి గొంతు అందరికంటే గట్టిగా వినిపించేది. ఎనిమిదికి ఒకటి తొమ్మిది, ఎనిమిదికి రెండు పది అని వరసగా తప్పు లేకుండా చెప్పేది. మధ్యలోంచి ఎనిమిదికి ఐదు అడిగితే మళ్లీ ఎనిమిదికి ఒకటి దగ్గర మొదలుపెట్టి పాడుకుంటూ ఐదు దాకా వచ్చేది. ఐదుకు ఎనిమిది అడిగితే ఇంకా దూరం. గీతలు లెక్కపెట్టే బదులు పాట లెక్కపెడుతోంది, అంతే.

నేను గుణకార ఎక్కాలకు వ్యతిరేకిని కాను. కానీ కూడికలో ఒకటి నుంచి తొమ్మిది దాకా అంకెల జతలు 81 ఉంటే, అటూ ఇటూ తిప్పినా ఒకటే అని తెలిసిన పాపకు అవి 45. వాటిలో మొత్తం 10 దాటేవి 20 మాత్రమే. అందులో 9తో వచ్చేవి ఎనిమిది, మిగిలినవాటిలో 8తో వచ్చేవి ఆరు. ఇవన్నీ పదిని నింపే ఒక్క కిటుకుతో (8కి 2 ఇచ్చి పది చేసి, మిగిలినవి ఆపైన కలపడం) తేలిపోతాయి. మిగిలేవి ఆరు. ఈ లెక్క నేను కాగితం మీద వేసుకున్నది అప్పుడే. అప్పటిదాకా చిట్టి చేత 81 మోయిస్తున్నాను.

గుడ్ల అట్ట

దసరా సెలవుల తర్వాత దారి మార్చాను. మధ్యాహ్న భోజనానికి గుడ్లు వచ్చే అట్టలో 30 గుంటలుంటాయి, ఆరు వరసలు, వరసకు ఐదు. రెండేసి వరసలు కత్తిరిస్తే పదేసి గుంటల ముక్కలు సరిగ్గా మూడు వస్తాయి. గుంటకో చింతగింజ. పై వరస నిండాకే కింది వరసలో వేయాలి, అది ఒక్కటే నియమం. అంటే ఎనిమిది ఎప్పుడూ ఒకేలా కనిపిస్తుంది. పైన ఐదు, కింద మూడు, చివర రెండు ఖాళీ.

పూసలు, పుల్లలు, గింజలు మా బడిలో ముందు నుంచీ ఉన్నాయి. వాటితో వచ్చిన చిక్కేమిటంటే, ఎనిమిది గింజలు నేలమీద పోస్తే మనిషి కన్ను ఒక్కచూపులో పట్టుకోలేదు. మూడు, మహా అయితే నాలుగు. అంతకు మించితే ఒక అమరిక ఉండాలి. ఐదు ఐదుగా అమర్చిన అట్టలో ఎనిమిదిని లెక్కపెట్టకుండానే చూడొచ్చు.

ఇంత ఆలోచించి తెచ్చినా మొదటి వారం ఇదీ పని చేయలేదు. ఒక అట్టలో ఎనిమిది వేసి, ఇంకో అట్టలో ఐదు వేయమన్నాను. వేసింది. ఎంత అంటే వేలు పెట్టి ఒకటి, రెండు, మూడు అని పదమూడు దాకా లెక్కపెట్టింది. గీతల బదులు గింజలు వచ్చాయి. వస్తువు ముందు పెడితే చాలు, దానంతటదే నేర్పుతుందని అనుకోవడం నా పొరపాటు. లెక్కపెట్టడానికి వీలున్నంతవరకు పాప లెక్కపెడుతుంది. లెక్కపెట్టే తీరిక లేకుండా చేయాలి. అలాగని గడియారం పెట్టి కాదు. ఒక నిమిషం పరీక్ష అంటే చిట్టి పెన్సిలు కింద పెట్టేసేది.

అందుకని కూడిక మొత్తం పక్కన పెట్టేశాను. అట్టమీద నా కొంగు కప్పి, రెండు చిటికెల సేపు తీసి, మళ్లీ కప్పేదాన్ని. "ఎన్ని?" అని మొదట, "ఎలా కనిపించాయి?" అని వెంటనే. ఈ రెండో ప్రశ్నలోనే అసలు పని జరిగింది. మొదటి రోజుల్లో "తెలీదు టీచర్" అనేది. పక్కనున్న పిల్లాడు "పైన నిండా, కింద ఒకటి, అందుకే ఆరు" అన్నాడు. ఆ మాట విని చిట్టి కూడా అలా చూడటం మొదలుపెట్టింది. రోజూ భోజనం ముందు పది నిమిషాలు, ఐదుగురు పిల్లలతో.

ఎనిమిదో రోజో తొమ్మిదో రోజో, అట్టలో ఎనిమిది పెట్టి తీసి కప్పాను. చిట్టి "రెండు లేవు టీచర్, ఎనిమిది" అంది.

అది విన్నాక నాకు నిద్ర పట్టలేదంటే అతిశయోక్తి కాదు. పాప గింజలు చూడలేదు, ఖాళీలు చూసింది. ఎనిమిది అంటే పదికి రెండు తక్కువ అని కన్నుతో పట్టుకుంది. అప్పటి నుంచి నా ప్రశ్న మార్చేశాను. "ఎన్ని ఉన్నాయి?" అని కాకుండా "నిండడానికి ఇంకా ఎన్ని కావాలి?" అని అడిగేదాన్ని. పదిని చేసే జతలు ఐదే ఉన్నాయి: 9కి 1, 8కి 2, 7కి 3, 6కి 4, 5కి 5. రెండు వారాల్లో ఐదూ వచ్చేశాయి, ఎవరూ చదివించకుండా.

ఎనిమిదీ ఐదూ పదిహేను?

ఇప్పుడు కూడికకు తిరిగి వెళ్లాం. ఎనిమిదికి ఐదు. చిట్టి ఐదులోంచి రెండు గింజలు తీసి మొదటి అట్ట నింపింది. "పది!" అంది సంతోషంగా. తర్వాత "పదీ ఐదూ పదిహేను" అంది.

ఈ తప్పును నేను దిద్దలేదు. ఎందుకు వచ్చిందో ఆలోచించాను. రెండు ఇచ్చేశాక ఐదులో మూడే మిగులుతాయన్నది ఆమె తలలో నిలవలేదు. పది చేయడం మీదే ధ్యాసంతా పెట్టేసరికి, ఐదు ఐదుగానే ఉండిపోయింది. అంటే పది జతలు ఒక్కటే సరిపోవు. ఐదును రెండూ మూడుగా, ఆరును రెండూ నాలుగుగా చటుక్కున విడగొట్టడం కూడా రావాలి. మన పుస్తకాల్లో పదిని నింపే పద్ధతి ఉంటుంది కానీ, దాని ముందు ఉండాల్సిన ఈ మెట్టు మీద నిలబడే సమయం పిల్లలకు దొరకదు. నేను కూడా దాన్ని దాటేశాను.

దీనికి ఇల్లు పనికొచ్చింది. నానమ్మను బడికి పిలిచి గుప్పెడు చింతగింజలు, ఒక కొబ్బరి చిప్ప ఇచ్చాను. "ఐదు గింజలు తీసి, కొన్ని చిప్ప కింద దాచిపెట్టు అమ్మా. బయట ఉన్నవి చూసి లోపల ఎన్నో పాప చెప్పాలి, అంతే" అన్నాను. ఆమె "నాకు రాయడం రాదు కదా టీచరమ్మా" అని సంకోచించింది. రాసేదేమీ లేదన్నాక మొహం విప్పారింది. నెల రోజులు రాత్రిపూట ఇద్దరూ ఆడారు. ఐదుతో మొదలై, ఆరు, ఏడు, చివరకు తొమ్మిది గింజలు. నానమ్మ మోసం చేస్తోందని చిట్టి నాకు ఫిర్యాదు చేసేది, అంటే ఆట బాగా సాగుతోందని అర్థం.

తెలుగులో చెప్పడం

నవంబరు చివర్లో మళ్లీ అదే లెక్క. ఈసారి నేను ఒక నిర్ణయం తీసుకున్నాను. మా పుస్తకంలో ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లిష్. లెక్కలు "ఎయిట్ ప్లస్ ఫైవ్" అనే చెప్పడం అలవాటైపోయింది. నోటి లెక్క జరిగే ఆ పది నిమిషాలు మాత్రం పూర్తిగా తెలుగులోనే మాట్లాడదామనుకున్నాను. కారణం, జూలైలో నోట్‌బుక్‌లో రాసుకున్న ఆ "థర్టీన్".

"ఎనిమిదికి రెండు ఇస్తే?" "పది." "ఇంకా ఎన్ని ఉన్నాయి?" "మూడు." "అయితే పది... మూడు..." అని ఆపాను. చిట్టి నా వంక చూసి, "పది మూడు, పదమూడు! అదే టీచర్, పేరులోనే ఉంది!" అంది.

నిజమే, పేరులోనే ఉంది. పదమూడు, పదిహేను, పదిహేడు అని పలుకుతుంటేనే పది, ఆపైన మిగిలినవి వినిపిస్తాయి. ఇరవై దాటాక ఇరవై ఒకటి, ఇరవై రెండు అని ఇంకా సాఫీగా పోతుంది. ఇంగ్లిష్‌లో మూడు ముందొచ్చి పది వెనక వస్తుంది, పైగా థర్టీన్, థర్టీ చెవికి ఒకేలా ఉంటాయి. హిందీ పిల్లలైతే నూరు దాకా చాలా పేర్లు విడివిడిగా గుర్తుపెట్టుకోవాలి. జపాన్ భాషలో కూడా 13 అంటే పది-మూడే. అక్కడ ఒకటో తరగతిలో ఐదును రెండూ మూడుగా విడగొట్టడాన్ని జంట చెర్రీ పళ్ల బొమ్మ గీసి నేర్పుతారు. మనకు అంతే చక్కటి పేర్లు ఉండి కూడా వాటిని పక్కన పెట్టి నేర్పుతున్నామని నాకు బాధ కలిగింది. పదకొండు, పన్నెండు మాత్రం అరిగిపోయి రూపు మారాయి. వాటిలో పది అంత తేలిగ్గా వినపడదు. ఆ రెండింటికీ అట్ట చూపించి విడిగా చెప్పాను.

తోటి టీచర్ ఒకరు, ఇద్దరు తల్లిదండ్రులు ఇంగ్లిష్ మీడియం బడిలో ఇదేమిటని అడిగారు. వాళ్ల భయం సహజం. ఆలోచన ఒక భాషలో గట్టిపడ్డాక జవాబు పేరు ఇంకో భాషలో చెప్పడం చిన్న పని అని చెప్పాను. జనవరికల్లా చిట్టి తలలో తెలుగులో చేసి, "థర్టీన్" అని పైకి చెప్పేది. 31 రాయడం కూడా ఆగిపోయింది.

అట్ట తీసేయడం

గింజలతో బాగా చేసే పిల్లలు, గింజలు తీయగానే మళ్లీ వేళ్లకు వెళ్లిపోవడం నేను చాలాసార్లు చూశాను. మధ్యలో ఒక మెట్టు కావాలి. అందుకని అట్ట బల్లమీదే ఉంచి గుడ్డ కప్పేదాన్ని. "లోపల ఎనిమిది ఉన్నాయి. నేను ఐదు తెచ్చాను. ఏం చేస్తావు?" అని అడిగితే చిట్టి గుడ్డమీద వేలితో ఖాళీ గుంటలు ఎక్కడుంటాయో చూపిస్తూ చెప్పేది. రెండు వారాల తర్వాత అట్ట కూడా తీసేశాను. గాల్లోకి చూస్తూ, వేలు రెండుసార్లు కదిపి చెప్పేది. ఆ కదిలే వేలు లెక్కపెట్టే వేలు కాదు, అట్టను చూస్తున్న వేలు. తేడా తెలుసుకోకుండా "వేళ్లు వద్దు" అనుంటే మళ్లీ జూలైకి పోయేవాళ్లం.

ఇక్కడ ఇంకో చోట నేను తొందరపడ్డాను. ఆరుకు ఏడు అడిగితే చిట్టి వెంటనే పదమూడు అంది. ఎలా వచ్చిందంటే "ఆరూ ఆరూ డజను కదా టీచర్, ఇంకోటి" అంది. నానమ్మ అరటిపళ్ల లెక్క! నేను "అలా కాదు, ఏడుకు మూడు ఇచ్చి పది చెయ్యి" అన్నాను. పాప మొహం వాడిపోయింది. ఇంటికి వెళ్లాక ఆలోచిస్తే, ఆమె దారే దగ్గరి దారి. మర్నాడు ఆ లెక్కను బోర్డుమీద "చిట్టి డజను కిటుకు" అని రాసి అందరికీ ఆమె చేతే చెప్పించాను. ఏ అంకెలకు ఏ దారి తేలికో పాప చూసుకుని ఎంచుకుంటే అదే నోటి లెక్క. ఒక్క దారే బలవంతం చేస్తే అది కూడా గోడమీద చార్టు లాంటిదే అవుతుంది.

ఫిబ్రవరిలో మూడు అట్టలూ వరసగా పెట్టి 28కి 5 అడిగాను. ఎలా చేయాలో చెప్పలేదు. "ఇరవై ఎనిమిదికి రెండు, ముప్పై. ఇంకా మూడు, ముప్పై మూడు" అంది. ఒకట్లు కింద రాసి, వచ్చిన పదిని పదుల పైన పెట్టి చేసే నిలువు కూడికలో ఇదే లెక్కను తరగతిలో సగం మంది తప్పు చేశారు.

ఏడాది చివర

పది దాటే 20 జతల్లో చిట్టి ఏప్రిల్‌లో 17 వేళ్లు లేకుండా చెప్పింది. ఏడుకు నాలుగు, ఏడుకు ఐదు, ఎనిమిదికి మూడు ఇంకా వేళ్ల మీదే. కానీ ఇప్పుడు పెద్ద అంకె దగ్గర మొదలుపెట్టి, తర్వాతి అంకె నుంచి సరిగ్గా లెక్కపెడుతుంది. ఒకటి తక్కువ రావడం ఆగిపోయింది. నోటి లెక్కల వేళ చేతులు బెంచీ కిందికి పోవడం లేదు.

తీసివేత మాత్రం రాలేదు. పదమూడులోంచి ఐదు అంటే మళ్లీ పదమూడు గీతలు గీసి ఐదు కొట్టేస్తుంది. కూడికలో నేర్చుకున్నది దానంతటదే తీసివేతలోకి వస్తుందని ఆశపడ్డాను, రాలేదు. అట్టలోంచి వెనక్కి తీయడం నేను విడిగా చేయించి ఉండాల్సింది, సమయం సరిపోలేదు.

వచ్చే ఏడాది మూడో తరగతి చెప్పే టీచర్‌కు ఒక కాగితం రాసిచ్చాను. "వేళ్లు వాడితే వాడనివ్వండి, ఏ లెక్కలకు వాడుతుందో రాసుకోండి. తీసివేత అట్టతో మొదలుపెట్టండి, పదమూడులోంచి మూడు తీస్తే పది, ఇంకా రెండు తీయాలి అన్నది గింజలతో చేయించండి. జవాబు చెప్పాక ఎలా వచ్చిందని తప్పకుండా అడగండి, ఈ పాప బాగా చెబుతుంది." మూడు అట్ట ముక్కలు, చింతగింజల డబ్బా కూడా దానితోపాటే ఇచ్చాను.